పాటల సాఫ్ట్‌వేర్‌ను ఏఐ ఏజెంట్‌తో నడిపించాలంటే: రాయగడ, జయపురం, బరంపురం వైపు చిన్న స్టూడియోలకు ఏది నప్పుతుంది?

ఒకే బాణీ. దానికి తెలుగు గొంతు ఒకటి, ఒడియా గొంతు ఒకటి, అడిగితే కొరాపుట్ వైపు మాట్లాడే దేశియాలో ఇంకొకటి. వీటికి తోడు గొంతు లేని ట్రాక్, రీల్స్ కోసం ముప్పై సెకన్ల ముక్క. దక్షిణ ఒడిశాలో రాయగడ, గుణుపూర్, పర్లాకిమిడి, జయపురం, బరంపురం వైపు చిన్న స్టూడియో నడిపేవాళ్లకి ఇది మామూలు పని. పాట కట్టడానికి కావాల్సిన బుర్ర వేరు. ఈ ఐదు ఫైళ్లకూ విడివిడిగా ట్రాకులు మ్యూట్ చేసి, పేర్లు పెట్టి, రెండర్ చేసి (అంటే చివరి ఆడియో ఫైల్‌గా తీసి), లౌడ్‌నెస్ సరిచూసి పంపడానికి కావాల్సిన ఓపిక వేరు. కొరాపుట్ పరబ్, రాయగడ చైతి, బరంపురంలో రెండేళ్లకోసారి వచ్చే ఠాకురాణి యాత్ర లాంటి ఉత్సవాలు దగ్గరపడ్డాయంటే ఆ ఓపికే ముందు కరువవుతుంది.

ఈ చాకిరీని ఏఐ ఏజెంట్‌కి అప్పగించవచ్చు. ఏజెంట్ అంటే మనం మామూలు మాటల్లో చెప్పిన పనిని అడుగులుగా విడగొట్టుకుని, మన కంప్యూటర్‌లో ఉన్న సాఫ్ట్‌వేర్ చేత ఒక్కొక్కటే చేయించే ప్రోగ్రామ్. పాట రాయడం, గొంతు పుట్టించడం లాంటివి చేసే ఏఐ సంగతి ఇక్కడ మాట్లాడటం లేదు. మనం రికార్డ్ చేసిన పాట మీద మన సాఫ్ట్‌వేర్‌లోనే పని చేయించడం గురించే ఇదంతా. చిక్కు ఎక్కడంటే పాటలు రికార్డ్ చేసి కలిపే సాఫ్ట్‌వేర్లైన రీపర్, ఏబుల్టన్ లైవ్, ఎఫ్‌ఎల్ స్టూడియో, క్యూబేస్ ఒక్కోటీ ఏజెంట్‌ని ఒక్కో మేరకే లోపలికి రానిస్తాయి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మన ప్రాంతంలో ఎక్కువమందికి ఏజెంట్ చేత పని చేయించుకోవడం కన్నా, ఏజెంట్ చేత స్క్రిప్టు రాయించుకుని ఆ స్క్రిప్టుని మనమే నడుపుకోవడం మేలు. ఎందుకో కింద ఒక్కో ఎంపికా చూస్తుంటే తెలుస్తుంది. అందరికీ ఇదే సలహా సరిపోతుందని మాత్రం అనను.

## ఏజెంట్ లోపలికి వెళ్లే మూడు దారులు

మొదటిది స్క్రిప్టు. సాఫ్ట్‌వేర్ తయారుచేసినవాళ్లే "ఈ భాషలో ఇలా రాస్తే నేను ఈ పని చేస్తాను" అని ఏర్పాటు చేసి పెడతారు. ఏజెంట్ ఆ భాషలో నాలుగు ముక్కలు రాస్తే సాఫ్ట్‌వేర్ వాటిని అక్షరాలా పాటిస్తుంది.

రెండోది వంతెన. సాఫ్ట్‌వేర్ లోపల ఒక చిన్న ప్రోగ్రామ్ కూర్చుని బయటి నుంచి వచ్చే ఆదేశాలు వింటుంది. ఏజెంట్ అవతల నుంచి "టెంపో 96 చెయ్యి", "కొత్త ట్రాక్ పెట్టు" అని ఒక్కొక్కటే పంపుతుంది. 2024 నవంబరులో ఆంత్రోపిక్ సంస్థ ఏజెంట్‌ని వేరే సాఫ్ట్‌వేర్‌తో కలిపే ఎంసీపీ అనే ఉమ్మడి పద్ధతిని విడుదల చేశాక ఇలాంటి వంతెనలు కట్టడం తేలికైంది.

మూడోది తెర. ఏజెంట్ స్క్రీన్ ఫొటో తీసుకుని, చూసి, మౌస్ కదిపి, క్లిక్ చేసి, మళ్లీ ఫొటో తీసుకుంటుంది. ఆంత్రోపిక్ దీన్ని 2024 అక్టోబరులో బయటపెట్టింది. ఓపెన్‌ఏఐ బ్రౌజర్ వరకు ఇలాంటిదే ఆపరేటర్ పేరుతో 2025 జనవరిలో తెచ్చింది.

## ఎంచుకునే ముందు ఏం చూడాలి

అన్నింటికన్నా ముందు చూడాల్సింది వెనక్కి తీసుకోవడం. ఏజెంట్ తప్పు చేస్తుందా అని అడగనక్కర్లేదు, చేస్తుంది. చేసినప్పుడు ఒక్క కంట్రోల్ జెడ్‌తో మొత్తం పాత స్థితికి వస్తుందా, లేక నలభై సార్లు నొక్కాలా, నొక్కినా రాదా అన్నదే అసలు ప్రశ్న.

తర్వాత నెట్, కరెంటు. గుణుపూర్‌లో ఒకలా, జయపురంలో ఒకలా, కొండ మీది ఊళ్లలో ఇంకోలా ఉంటుంది నెట్. వంతెన దారిలోనూ తెర దారిలోనూ పని నడుస్తున్నంతసేపూ నెట్ ఉండాలి. మధ్యలో తెగితే సగం చేసిన ప్రాజెక్ట్ మిగులుతుంది. స్క్రిప్టు దారిలో రాయించుకునేటప్పుడు మాత్రమే నెట్ కావాలి.

ఏ పని దాకా చేయి వెళ్తుంది అన్నది మూడోది. కొన్నింటిలో నోట్లు మాత్రమే మార్చగలం. కొన్నింటిలో మిక్సర్ కూడా అందుతుంది. చివరి ఫైల్ రెండర్ చేయడం కొన్నింటిలో అసలు అందదు. మీ బాధంతా రెండర్ దగ్గరే అయితే, రెండర్ అందని సాఫ్ట్‌వేర్‌కి ఏజెంట్‌ని తగిలించి లాభం లేదు.

ఖర్చు రెండు రకాలు: సాఫ్ట్‌వేర్ లైసెన్స్ ఒకసారి, ఏజెంట్ వాడకం నెలనెలా. రెండోదే జేబుకి తెలియకుండా పెరుగుతుంది. ఏజెంట్ చదివే ప్రతి అక్షరానికీ, చూసే ప్రతి స్క్రీన్ ఫొటోకీ లెక్క ఉంటుంది.

ఇక క్రాక్ సంగతి. ఎవరూ పైకి మాట్లాడరు గానీ మన వైపు చాలా స్టూడియోల్లో నడిచేది క్రాక్ వెర్షనే. ఫైళ్లు తెరిచే, చెరిపే అధికారం ఏజెంట్‌కి ఇచ్చే కంప్యూటర్‌లో, ఎవరు ఏం కలిపి వదిలారో తెలియని సాఫ్ట్‌వేర్ ఉండటం మంచిది కాదు. పైగా స్క్రిప్టు సౌకర్యాలు చాలావరకు కొత్త వెర్షన్లలోనే వచ్చాయి. పాత క్రాక్ దగ్గర ఆగిపోయినవాళ్లకి అవి దొరకవు.

## ఒక చూపులో

| ఎంపిక | దారి | వెనక్కి తీసుకోవడం | నెట్ లేకుండా నడుస్తుందా | రెండర్ అందుతుందా |
|---|---|---|---|---|
| రీపర్ | స్క్రిప్టు | పనంతా ఒకే అండూ చేయవచ్చు | స్క్రిప్టు రాయించుకున్నాక నడుస్తుంది | అందుతుంది |
| ఏబుల్టన్ లైవ్ | వంతెన | వంతెనను బట్టి ఉంటుంది | నడవదు | అందదు |
| ఎఫ్‌ఎల్ స్టూడియో | స్క్రిప్టు, ఎక్కువగా నోట్ల వరకు | నోట్ల వరకు తేలిక | నడుస్తుంది | కమాండ్ లైన్‌తో అందుతుంది |
| క్యూబేస్ | రిమోట్ స్క్రిప్టు, మాక్రోలు | అడుగుఅడుగుకీ | నడుస్తుంది | కొంతవరకు |
| తెర చూసే ఏజెంట్ | మౌస్, కీబోర్డ్ | నమ్మకం లేదు | నడవదు | అందుతుంది, నిదానంగా |
| ఆడాసిటీ, ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ | స్క్రిప్టు, కమాండ్ | అసలు ఫైల్ దాచుకుంటే చాలు | నడుస్తుంది | అందుతుంది |

## రీపర్

ఈ పనికి పుట్టినట్టే ఉంటుంది. విన్‌యాంప్ చేసిన జస్టిన్ ఫ్రాంకెల్ తర్వాత పెట్టిన కాకోస్ సంస్థది ఇది. ఇందులో రీస్క్రిప్ట్ అనే ఏర్పాటు ఉంది. లువా, ఈఈఎల్, పైథాన్ భాషల్లో రాయవచ్చు. లువా రీపర్‌తోనే వస్తుంది, పైథాన్ మాత్రం విడిగా ఇన్‌స్టాల్ చేసుకోవాలి. కాబట్టి ఏజెంట్‌ని లువాలోనే రాయమనండి. ఇంకో స్టూడియోకి ఆ ఫైల్ ఇచ్చినా అలాగే నడుస్తుంది.

ట్రాక్ పేర్లు, మ్యూట్, వాల్యూమ్, ప్లగిన్ (శబ్దానికో ఎఫెక్ట్‌కో అదనంగా తగిలించే చిన్న ప్రోగ్రామ్) పెట్టడం, ప్లగిన్ లోపలి నాబ్ తిప్పడం, మార్కర్లు, రీజియన్లు (పాటలో గుర్తు పెట్టుకున్న భాగాలు), రెండర్ సెట్టింగులు, అన్నీ స్క్రిప్టుకి అందుతాయి. మొదట్లో చెప్పిన ఐదు ఫైళ్ల పనినే తీసుకోండి. గొంతులని భాషవారీగా ఫోల్డర్ ట్రాకుల్లో పెట్టుకుంటే, స్క్రిప్టు ఒక్కో ఫోల్డర్‌ని తెరిచి మిగతావి మూసి, పేరు మార్చి, ఒక్కొక్కటే రెండర్ చేసేస్తుంది. మీరు ఈలోగా టీ తాగి రావచ్చు.

స్క్రిప్టు మొదట్లో, చివర్లో ఒక్కో వాక్యం చేరిస్తే మధ్యలో జరిగినదంతా అండూ జాబితాలో ఒకే పనిగా పడుతుంది. వంద మార్పులైనా ఒక్క కంట్రోల్ జెడ్ చాలు. దీన్ని అండూ బ్లాక్ అంటారు. మీరు అడగకపోతే ఏజెంట్ కొన్నిసార్లు పెట్టదు, అడిగి పెట్టించండి. ఒకటి గుర్తుంచుకోవాలి: డిస్క్ మీద ఫైల్ చెరిపేస్తే ఏ అండూ కాపాడదు.

ఇంకో గుణం కూడా ఉంది. రీపర్ ప్రాజెక్ట్ ఫైల్ నోట్‌ప్యాడ్‌లో తెరిచి చదవగలిగే మామూలు అక్షరాలే. అందువల్ల ఏజెంట్ రీపర్ తెరవకుండానే ఆ ఫైల్ చదివి, "ఈ ప్రాజెక్ట్‌లో కనపడకుండా పోయిన ఆడియో ఫైళ్లు ఇవి" అని చెప్పగలదు. పెన్‌డ్రైవ్‌లో వేరే స్టూడియో నుంచి వచ్చిన ప్రాజెక్టులకి ఇది చాలా ఉపయోగం.

ధర 60 డాలర్లు, మన డబ్బులో ఐదు వేలు దాటుతుంది. సొంతానికి వాడుకునేవాళ్లకీ, ఏడాది ఆదాయం 20,000 డాలర్లు దాటని వ్యాపారాలకీ ఈ ధర. అంతకు మించితే 225 డాలర్లు. ముందు 60 రోజులు ఏ కోత లేకుండా వాడి చూడవచ్చు.

లోపాలు లేకపోలేదు. రీపర్‌తో చెప్పుకోదగ్గ వాయిద్యాల శబ్దాలేవీ రావు. కీబోర్డ్ నుంచో, విడిగా కొన్న ప్లగిన్ల నుంచో తెచ్చుకోవాలి. చూడటానికి కూడా పాత ఆఫీసు సాఫ్ట్‌వేర్‌లా ఉంటుంది. ఇక ఏజెంట్ వైపు లోపం: లేని ఫంక్షన్ పేర్లు నమ్మకంగా రాసేస్తుంది. నడిపితే ఫలానా లైన్‌లో తప్పని రీపర్ చూపిస్తుంది, ఆ మాటల్ని యథాతథంగా ఏజెంట్‌కి తిరిగి ఇస్తే సరిచేస్తుంది. అంతకన్నా మేలు, రీపర్ హెల్ప్ మెనూలో ఉండే రీస్క్రిప్ట్ డాక్యుమెంటేషన్‌ని ముందే ఏజెంట్‌కి ఇచ్చి "ఇందులో ఉన్నవే వాడు" అనడం.

## ఏబుల్టన్ లైవ్

ఆన్‌లైన్‌లో "ఏఐ పాట చేసేస్తోంది చూడండి" అని తిరిగే వీడియోల్లో ఎక్కువ కనిపించేది ఇదే. లైవ్ లోపల పైథాన్‌లో నడిచే రిమోట్ స్క్రిప్టులు ఉంటాయి. నిజానికి ఇవి మిడి (నోట్లనీ నాబ్ కదలికలనీ సంకేతాలుగా పంపే పద్ధతి) కంట్రోలర్ల కోసం పెట్టినవి. వాటి మీద ఆధారపడి బయటివాళ్లు వంతెనలు కట్టారు. ఏబుల్టన్‌ఓఎస్‌సీ అందులో ఒకటి, ఎంసీపీ వంతెనలు ఇంకో రకం. సూట్ ఎడిషన్‌తో వచ్చే మ్యాక్స్ ఫర్ లైవ్ ద్వారా కూడా లోపలికి వెళ్లవచ్చు.

"ఆరు ఎనిమిది తాళంలో నాలుగు బార్ల డ్రమ్స్ పెట్టు, కింద బేస్ వెయ్యి" అంటే కళ్ల ముందే క్లిప్పులు పుడతాయి. ఆలోచనలు తోచనప్పుడు బాగానే ఉంటుంది. మీరే ఒక పక్క కీబోర్డ్ వాయిస్తూ ఇంకో పక్క దానితో మాట్లాడుతూ పోవచ్చు.

కానీ మన ఐదు ఫైళ్ల పనికి ఇది తప్పు ఎంపిక. లైవ్ బయటికి చూపించే ఆదేశాల్లో ఆడియో ఎక్స్‌పోర్ట్ లేదు. ఎంత తెలివైన ఏజెంటైనా రెండర్ దగ్గరికి వచ్చేసరికి మీరే మెనూ తెరవాలి. అండూ కూడా వంతెన రాసినవారి శ్రద్ధ మీద ఉంటుంది. వాళ్లు అడుగులన్నిటినీ ఒక కట్టగా కట్టకపోతే ఒక్కొక్కటే వెనక్కి తీసుకోవాలి. రిమోట్ స్క్రిప్టుల ఏర్పాటుకి కంపెనీ పూర్తి డాక్యుమెంటేషన్ ఇవ్వలేదు కాబట్టి లైవ్ కొత్త వెర్షన్ వచ్చినప్పుడు వంతెన కూలవచ్చు. పండగ ముందు వారం లైవ్‌ని అప్‌డేట్ చేయకండి.

## ఎఫ్‌ఎల్ స్టూడియో

డీజే పాటలు, రిథమ్ ప్యాటర్న్లు చేసే కుర్రాళ్లు ఎక్కువగా దీని మీదే ఉన్నారు. ఒకసారి కొంటే జీవితాంతం అప్‌డేట్లు ఉచితం, ఇది పెద్ద సుఖం. కొనేటప్పుడు ఆ ఎడిషన్‌లో గొంతు రికార్డింగ్ ఉందో లేదో చూసుకోండి.

ఇందులో స్క్రిప్టులు ముఖ్యంగా రెండు రకాలు, రెండూ పైథానే. పియానో రోల్ స్క్రిప్టులు నోట్ల మీద పని చేస్తాయి: జరపడం, బలం మార్చడం, కొత్తవి వేయడం. మిడి స్క్రిప్టులు కంట్రోలర్ల కోసం. మిక్సర్ ఫేడర్లు, ప్లే, స్టాప్ లాంటివి వాటికి అందుతాయి. కొత్త ప్లగిన్ పెట్టడం, ప్లేలిస్టులో పాటంతా పేర్చడం వీటితో అయ్యే పనులు కావు.

చిన్న పరిధే. ఆ పరిధిలో మాత్రం చక్కగా చేస్తుంది. దింసా నాట్యానికి కొట్టే తాళం తీసుకోండి. ఢోల్, తమ్ముకు కలిసి కొట్టేటప్పుడు దెబ్బలు గ్రిడ్ గీతల మీద పడవు, ఆ కొద్ది ఎడంలోనే కాళ్లు కదిలించే ఊపు ఉంది. "ప్రతి మూడో దెబ్బ కొంచెం ఆలస్యం, మొదటి దెబ్బ బలం ఎక్కువ, మిగతావి ఈ హద్దుల్లో మారుతూ ఉండాలి" అని ఏజెంట్‌కి చెప్పి స్క్రిప్టు రాయించుకుంటే, ఒక్క బటన్‌తో ప్రతి ప్యాటర్న్‌కీ ఆ నడక వస్తుంది. హద్దులు ఎంత ఉండాలో నిజమైన రికార్డింగ్ విని మీరే తేల్చాలి.

రెండర్‌కి ఎఫ్‌ఎల్‌లో కమాండ్ లైన్ (మెనూ లేకుండా టైపు చేసిన ఆదేశంతో నడిపే దారి) ఉంది. ఒక ఫోల్డర్‌లోని ప్రాజెక్టులన్నిటినీ వరసగా వేవ్‌గానో ఎంపీత్రీగానో తీసే చిన్న బ్యాచ్ ఫైల్‌ని ఏజెంట్ చేత రాయించవచ్చు. రాత్రి పెట్టి పడుకోవచ్చు, ఇన్వర్టర్ ఉంటే.

## క్యూబేస్

విశాఖ, హైదరాబాద్ స్టూడియోలతో ఫైళ్లు ఇచ్చిపుచ్చుకునేవాళ్లు చాలామంది దీనికి కట్టుబడి ఉంటారు. ఏజెంట్ కోసం దీన్ని వదిలి రమ్మని ఎవరికీ చెప్పను. క్యూబేస్ 12తో వచ్చిన మిడి రిమోట్‌లో జావాస్క్రిప్ట్ రాయవచ్చు. దాంతో కీ కమాండ్లు, మిక్సర్ నడుస్తాయి. అంతకన్నా పాతవైన మాక్రోలు (కొన్ని ఆదేశాలు వరసగా నడిపే కట్టలు), లాజికల్ ఎడిటర్ కూడా ఉన్నాయి. "పేరులో ఫలానా మాట ఉన్న ట్రాకులన్నీ ఎంచు, రంగు మార్చు, మ్యూట్ చెయ్యి" లాంటివి ప్రాజెక్ట్ లాజికల్ ఎడిటరే చేసేస్తుంది. అది అర్థం కాక పక్కన పెట్టేసినవాళ్లే ఎక్కువ. ఏజెంట్‌ని గురువుగా వాడుకుని "ఈ పనికి అందులో ఏ గడిలో ఏం పెట్టాలి" అని అడిగితే వంతెనలూ గింతెనలూ అక్కర్లేకుండానే సగం పని తీరుతుంది.

## తెర చూసే ఏజెంట్

ఏ సాఫ్ట్‌వేర్ అయినా నడుస్తుంది, ఏమీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు అనేదే దీని ఆకర్షణ. నేను మాత్రం దీన్ని చివరి స్థానంలో పెడతాను.

పాటల సాఫ్ట్‌వేర్ తెర మామూలు ఫారంలాంటిది కాదు. ప్లగిన్ కిటికీలు తమ బొమ్మని తామే గీసుకుంటాయి, లోపలి నాబ్‌కి పేరేమిటో విండోస్‌కి కూడా తెలియదు. ఏజెంట్ ఫొటో చూసి ఊహించాలి. కంప్రెసర్ నాబ్‌ని మైనస్ 18 దగ్గర ఆపమంటే మైనస్ 21 దగ్గర ఆపి "అయిపోయింది" అంటుంది. ఒక్కో క్లిక్‌కి ఒక్కో ఫొటో నెట్ మీద వెళ్లి రావాలి. "సేవ్ చేయాలా, వద్దా" అనే పెట్టె ఎదురైనప్పుడు అది ఏది నొక్కుతుందో అని మనం కూర్చుని కాపలా కాయాలి. అలాంటప్పుడు టెన్షన్ తప్ప మిగిలిన సమయమేముంది?

గోప్యత కూడా ఉంది. స్క్రిప్టు దారిలో ఏజెంట్‌కి వెళ్లేవి ట్రాక్ పేర్లు, సెట్టింగులు లాంటి మాటలే. తెర దారిలో మీ స్క్రీన్ మొత్తం బయటి సర్వర్‌కి వెళ్తుంది: పక్కన తెరిచి ఉన్న వాట్సాప్, క్లయింట్ నంబరు, విడుదల కాని పాట పేరు, అన్నీ. తప్పనిసరైతే స్టూడియో కంప్యూటర్‌లో వేరే యూజర్ ఖాతా తెరిచి అందులోనే నడపండి.

## ఆడాసిటీ, ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్

పాటలు కాకుండా ఆటో మైకు ప్రచారాలు, షాపు ప్రకటనలు, గుడి కమిటీ అనౌన్స్‌మెంట్లు చేసేవాళ్లకి పై గొడవేదీ అవసరం లేదు. రెండూ ఉచితం. ఆడాసిటీలో మాక్రోలు ఉన్నాయి. ప్రిఫరెన్సెస్‌లో మాడ్యూల్స్ దగ్గర స్క్రిప్ట్ పైప్ అనేది ఆన్ చేస్తే పైథాన్ నుంచి కూడా నడపవచ్చు. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌కి తెరే లేదు, కమాండ్ రాస్తే పని చేస్తుంది. ఆ కమాండ్లు మనిషికి గుర్తుండవు, ఏజెంట్‌కి మాత్రం చాలా బాగా వచ్చు. ఫోల్డర్‌లోని రికార్డింగులన్నిటికీ ముందూ వెనకా ఖాళీ కోసి, లౌడ్‌నెస్ ఒకే మట్టానికి తెచ్చి, ఎంపీత్రీ చేసి వేరే ఫోల్డర్‌లో పెట్టమంటే ఒక్క ఫైల్‌లో రాసిచ్చేస్తుంది. అసలు ఫైళ్ల మీద రాయకుండా కొత్త ఫోల్డర్‌లోనే పెట్టాలన్న షరతు మీరు చెప్పాలి.

మిగతావి తొందరగా: ప్రో టూల్స్‌కి ఏవిడ్ సంస్థ 2022లో స్క్రిప్టింగ్ కిట్ ఇచ్చింది, సినిమా స్టూడియోల్లో కూర్చునేవాళ్లకి అది గట్టి దారి. లాజిక్ ప్రోలో స్క్రిప్టర్ ఉంది గానీ అది మిడి వరకే, పైగా మ్యాక్ ఉండాలి. బిట్‌విగ్‌కి జావా, జావాస్క్రిప్ట్‌లతో కంట్రోలర్ స్క్రిప్టులు ఉన్నాయి. ఆర్డర్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌లో లువా ఉంది, లినక్స్ వాడేవాళ్లు చూడవచ్చు.

## మన భాషలతో వచ్చే చిక్కు

ఇది సాఫ్ట్‌వేర్ గైడుల్లో ఎక్కడా రాయరు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. ట్రాక్ పేర్లు తెలుగులోనో ఒడియాలోనో పెట్టుకునే అలవాటు ఉంటే స్క్రిప్టులు వింతగా తప్పుతాయి. లువా భాష అక్షరాలను లెక్కపెట్టదు, బైట్లను లెక్కపెడుతుంది. తెలుగు, ఒడియా లిపుల్లో ఒక్కో గుర్తుకి మూడేసి బైట్లు. "గొంతు" అనే మాటలో మనకి కనిపించేవి రెండు అక్షరాలు. లోపల గ, ఒత్వం, సున్న, త, ఉత్వం కలిసి ఐదు గుర్తులు, పదిహేను బైట్లు. "పేరులో మొదటి నాలుగు అక్షరాలు తీసుకో" అని ఏజెంట్ రాసిన వాక్యం ఒత్వాన్ని మధ్యలో నరికేస్తుంది, ఫైల్ పేరు చెత్తగా వస్తుంది.

దీనికి రెండు మందులు. ట్రాక్ పేరు ముందు ఇంగ్లిష్ అక్షరాల్లో చిన్న కోడ్ పెట్టుకోండి: తెలుగుకి టీఎల్, ఒడియాకి ఓడీ, దేశియాకి డీఎస్. స్క్రిప్టు ఆ కోడ్‌నే చూసేలా రాయించండి, పక్కన పేరు ఏ లిపిలో ఉన్నా ఫర్వాలేదు. లేదా "పేర్లు యూటీఎఫ్-8లో తెలుగు, ఒడియాల్లో ఉంటాయి, బైట్ లెక్కతో కోయకు" అని ముందే చెప్పండి.

ఇంకొకటి చెవికి సంబంధించింది. ఈ స్క్రిప్టులు రాసే ఏజెంట్ పాట వినదు. మీటర్ చూపిన అంకెలు చదువుతుంది, అంతే. "గొంతు సాపు చెయ్యి" అంటే గమకాన్ని శ్రుతి తప్పుగా లెక్కేసి పిచ్ కరెక్షన్‌ని గట్టిగా బిగించే సెట్టింగ్ పెడుతుంది. "టైమింగ్ సరిచెయ్యి" అంటే పైన చెప్పిన దింసా నడకని గ్రిడ్‌కి అతికిస్తుంది. క్లయింట్ వచ్చి "బాబూ, డప్పు కాస్త పైకెత్తు, అమ్మవారి పేరు దగ్గర గొంతు తేటగా వినపడాలి" అంటే, ఆ మాటని డెసిబెల్స్‌లోకి మార్చాల్సింది మీరే. "టీఎల్ గొంతు ట్రాక్, రెండో చరణం రీజియన్, ఒకటిన్నర డీబీ పైకి" అని చెబితే ఏజెంట్ పొరపాటు లేకుండా చేస్తుంది.

అంకెలతో తేలే పని మాత్రం నిశ్చింతగా ఇవ్వండి. స్పాటిఫై పాటలని దాదాపు మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (లౌడ్‌నెస్‌ని కొలిచే కొలమానం) మట్టానికి తెచ్చి వినిపిస్తుంది. మీ ఐదు ఫైళ్లూ ఏ మట్టంలో ఉన్నాయో కొలిచి జాబితా ఇమ్మంటే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌తో కొలిచి ఇస్తుంది. ఊరేగింపు బాక్సుల కోసం ఇచ్చే ఫైల్ వేరే లెక్క, అక్కడ ఎవరూ ఆ అంకె అడగరు.

## ఎవరికి ఏది

ఒక్కరే కూర్చుని రెండు మూడు భాషల పాటలు చేసే ఇంటి స్టూడియో అయితే రీపర్, లువా స్క్రిప్టులు. ఇందులో నాకు సందేహం లేదు. వేరే సాఫ్ట్‌వేర్‌లో పాట కట్టుకునే అలవాటు ఉన్నా, ట్రాకులన్నీ వేవ్‌లుగా తీసి రెండర్లు, వెర్షన్లు రీపర్‌లో చేసుకోవచ్చు. 60 డాలర్లలో ఒక పనివాడు దొరికినట్టే.

ఎఫ్‌ఎల్‌లో చేయి తిరిగిన డీజే, ప్రోగ్రామర్ తమ్ముళ్లు అక్కడే ఉండండి. పియానో రోల్ స్క్రిప్టులు రెండు మూడు చేయించుకుంటే మీకు వచ్చే లాభంలో ఎక్కువ భాగం వచ్చేసినట్టే. సాఫ్ట్‌వేర్ మార్చడానికి పట్టే నెలలు ఏ ఏజెంటూ తిరిగి ఇవ్వదు.

క్యూబేస్, ప్రో టూల్స్‌లో బయటి స్టూడియోలకి పని చేసేవాళ్లు ముందు లోపల ఉన్న మాక్రోలే పూర్తిగా వాడుకోండి. మీ ప్రాజెక్టులు ఇంకొకరివి కూడా. ఏజెంట్ ముట్టుకుందని తెలిస్తే అవతలివాళ్లు ఏమంటారో ముందే అడగడం మర్యాద.

బాగా నెట్ ఉండి, కొత్త బాణీల కోసం వెతుక్కునేవాళ్లకి, ముఖ్యంగా బరంపురంలో ఫైబర్ ఉన్నవాళ్లకి, లైవ్ వంతెన సరదాగా ఉంటుంది. దాన్ని చిత్తుపుస్తకంలా వాడుకోండి, డబ్బు తీసుకున్న ప్రాజెక్ట్‌లోకి తేకండి.

నేర్చుకుంటున్న విద్యార్థులకి రీపర్ 60 రోజుల గడువు, ఉచిత ఆడాసిటీ చాలు. ఏజెంట్ రాసిన లువాని లైన్ లైన్‌గా తెలుగులో వివరించమని అడగండి. ఈ పనిలో నేర్చుకోవాల్సింది ఎక్కువ భాగం అక్కడే ఉంది.

## మొదలుపెట్టేవాళ్లకి

మొదటి స్క్రిప్టుగా ఏదీ మార్చనిది అడగండి: తెరిచి ఉన్న ప్రాజెక్ట్‌లోని ట్రాక్ పేర్లు, వాల్యూమ్‌లు, మ్యూట్‌లో ఉన్నవి జాబితాగా చూపించమనండి. తప్పు రాసినా నష్టం లేదు, మీ ప్రాజెక్ట్‌ని అది ఎలా చదువుతోందో తెలుస్తుంది. రెండోది పేర్లకి కోడ్‌లు తగిలించేది. మూడోది రెండర్.

ప్రతిసారీ ఏజెంట్‌కి ఈ నాలుగూ చెప్పండి: పనంతా ఒకే అండూ బ్లాక్‌లో ఉండాలి, ఏ ఫైల్‌నీ చెరపకూడదు, కొత్త ఫైళ్లు కొత్త ఫోల్డర్‌లోకే వెళ్లాలి, చివర్లో ఏం చేసిందో ఒక జాబితా చూపించాలి. నడిపేముందు ప్రాజెక్ట్‌ని కొత్త పేరుతో సేవ్ చేయండి. రెండర్ అయ్యాక ప్రతి ఫైల్‌లో మొదటి పది సెకన్లు, రెండో చరణం మొదలయ్యే చోటు, చివరి పది సెకన్లు వినండి. ఒడియా ఫైల్‌లో తెలుగు కోరస్ మ్యూట్ కాకుండా మిగిలిపోవడం లాంటివి సాధారణంగా రెండో చరణం దగ్గరే బయటపడతాయి.

స్క్రిప్టు ఒకటి కుదిరాక దాన్ని రీపర్ యాక్షన్ లిస్టులో చేర్చి ఒక కీ కేటాయించండి. ఫైల్ కాపీని పెన్‌డ్రైవ్‌లో దాచండి. ఆ రోజు నుంచి ఆ పనికి ఏజెంట్ ఖర్చు లేదు, నెట్ పోయినా ఫర్వాలేదు. కరెంటు పోతే మాత్రం రెండర్ మధ్యలో ఆగిన ఫైల్‌ని చెరిపేసి ఆ భాష ఒక్కటే మళ్లీ నడపండి.